గులకరాళ్ళ మీద పరామర్శ

లెక్క అడిగే రోజున అల్లాహ్ ముందు ఏం చెప్పుకోవాలన్నది అబూ లైస్‌ను ఏళ్ళుగా వేధిస్తున్న సందేహం. నమాజుకు ముందు చెంబెడు నీళ్ళతో వజూ ముగించే మనిషి, ముంగిట్లో పచ్చగడ్డికి సగం ట్యాంకు ఎందుకు పోస్తున్నట్టు? అమ్మాన్‌లో వాళ్ళ వీధికి వారానికొక్కసారి, గురువారం నీళ్ళొస్తాయి. ఆదివారానికల్లా ట్యాంకు అడుగు కనిపిస్తుంది. గడ్డి మాత్రం నవనవలాడుతూ ఉంటుంది.

ఆ గడ్డి వాళ్ళమ్మ హాజ్జా ఖవ్లాది. ఎనభై నాలుగేళ్ళ ఆవిడ పొద్దస్తమానం కిటికీ దగ్గర కూర్చుని, దాన్ని ఎవరూ తొక్కకుండా కాపలా కాస్తుంది. గడ్డి తీసేసి గులకరాళ్ళు పరుస్తానని, పైన పందిరి వేసి ద్రాక్ష, మల్లె తీగలు పాకిస్తానని గురువారం సాయంత్రం కొడుకు అనగానే ఆవిడ మండిపడింది.

"గడ్డి పీకిన రోజున నేనీ ఇంట్లో ఉండను. ఇర్బిద్‌లో మీ అక్క దగ్గరికి పోతాను."

"పోదువుగానీ అమ్మా. అక్కడా నీళ్ళు వారానికొకసారే."

ఆవిడ తలుపూ కిటికీ వేసుకుంది.

శుక్రవారం పొద్దున్నే పని మొదలైంది. గంటలో గడ్డి పోయింది, లారీడు తెల్లరాళ్ళు దిగాయి. పందిరికి కొత్త పైపులు దండగని, ఎవరైనా పోతే ఇంటి ముందు వేసే పరామర్శ గుడారాలు అద్దెకిచ్చే ఆయన దగ్గర పాతవి తీసుకున్నాడు. ఆయన తన వ్యానులోనే తెచ్చి నిలబెట్టి, లేత తీగలకు ఎండ తగలకుండా పైన గోధుమరంగు గుడ్డ కూడా కప్పి వెళ్ళాడు. ఆ వ్యాను ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంట్లో ఏం జరిగిందో వీధిలో అందరికీ తెలుసు. పైగా పెద్దావిడ కిటికీ నిన్నటి నుంచీ మూసి ఉంది.

మధ్యాహ్నం నమాజు అయ్యాక అబూ లైస్ రొట్టెలు కొనుక్కుని ఇంటికొచ్చేసరికి, రాళ్ళ మీద మసీదు కుర్చీలు వరసగా వేసుకుని ముప్ఫై మంది కూర్చుని ఉన్నారు. ఎవరో చక్కెర లేని కాఫీ పోస్తున్నారు. ఒక్కొక్కరే లేచి, అతని చెయ్యి పట్టుకుని, అల్లాహ్ నీకు ఓర్పునివ్వాలన్నారు. గడ్డి పోయిందని ఎగతాళికి వచ్చారనుకున్నాడతను. రోషం వచ్చింది.

"ఓర్పు దేనికి? ఇన్నేళ్ళు ఓర్చుకోవడమే తప్పయింది. నాకేం బాధ లేదు."

జనం ముఖముఖాలు చూసుకున్నారు. దుఃఖంతో మతి చెదిరిందనుకుని ఒకాయన అతని చేతిలోని రొట్టెలు అందుకున్నాడు, ఇంకొకాయన కుర్చీలో కూర్చోబెట్టాడు.

అంతలో పక్కింటి మిఖ్లద్, అన్నం మీద మాంసం పేర్చిన మన్సఫ్ పళ్ళెం పట్టుకుని వచ్చాడు. ఎప్పుడో తీగ గోడ దాటిందన్న తగాదాలో, మిఖ్లద్ తండ్రి పోయినప్పుడు అబూ లైస్ పరామర్శకు వెళ్ళలేదు. తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు.

"నువ్వు రాలేదు కాబట్టి నేనూ రాకూడదనుకున్నా. కాళ్ళు ఆగలేదు. మీ అమ్మ చేతి రొట్టె తిన్నవాణ్ణి," అన్నాడు మిఖ్లద్, కళ్ళు తుడుచుకుంటూ.

అబూ లైస్‌కు అప్పుడర్థమైంది. నోరు తెరిచేలోగా పైన కిటికీ తెరుచుకుంది.

"ఎవర్రా పోయింది?" అంది హాజ్జా ఖవ్లా.

కాసేపటికి ఆవిడ ఇర్బిద్ ప్రయాణానికి కట్టుకున్న మూటతో కిందికి దిగింది. పైనున్న గుడ్డనూ, కుర్చీలనూ, మన్సఫ్‌నూ చూసింది. పోయింది తనేనని తెలుసుకుని, మూట పక్కన పెట్టి నీడలో కూర్చుంది.

"నలభై ఏళ్ళు గడ్డి పెంచాను. ఒక్కడూ వచ్చి కూర్చోలేదు."

"నువ్వు రానిచ్చావా అమ్మా?"

"ఇవాళ నన్నడిగే వచ్చారా? రాళ్ళు ఉండనీ. ముందు అందరికీ అన్నం పెట్టు."

అబూ లైస్ ముందు కాఫీ అందుకున్నాడు. ఒక కప్పు పోసి మిఖ్లద్‌కు ఇచ్చాడు.

"మీ నాన్నను అల్లాహ్ కరుణించుగాక. తొమ్మిదేళ్ళ కిందట అనాల్సిన మాట."

మిఖ్లద్ తాగి, చాలన్నట్టు కప్పు ఊపి వెనక్కిచ్చాడు.

హాజ్జా ఖవ్లా చేతికర్రతో పైపును తట్టి చూసింది.

"గట్టివే. తియ్యకు, నాకూ పనికొస్తాయి," అంది.