అరవై ఒకటి నాలుగైన రోజు

ఆ రోజు సూపర్‌వైజరుగారు పెట్టుకున్న పని పెద్దదేమీ కాదు. నాలుగింటికల్లా ఆఫీసు నుంచి బయటపడాలి, నాలుగున్నరకు ఈతకొలను దగ్గరుండాలి. పదేళ్ల కూతురు ఈత పోటీలో దిగుతోంది. ఇంతకు ముందు రెండు పోటీలకూ వస్తానని మాటిచ్చాడు. రెండుసార్లూ ఎక్కడో ఒక లిఫ్టు అంతస్తుల మధ్య ఆగిపోయి, తనతో పాటు ఆయన్నీ ఆపేసింది. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఉద్యోగం మరి!

"ఈసారి కూడా రాకపోతే అది మీతో మాట్లాడదట," అంది భార్య, డబ్బా చేతికిస్తూ.

"నువ్వు కాస్త సర్దిచెప్పవూ?"

"నేనెందుకు చెప్తాను? పైగా నేను మాట్లాడతాను. మీకు అదే ఇంకా కష్టం."

కూతురు మాత్రం "వస్తావుగా నాన్నా?" అని ఒక్కమాటే అడిగింది. అలిగినా బాగుండేది. నమ్మకంగా అడిగేసరికి ఆయన ప్రాణం ఉసూరుమంది.

ఆరు నెలల కిందటి దాకా ఆ ఆఫీసులో ఫిర్యాదులన్నీ ఒక లావుపాటి రిజిస్టరులో ఉండేవి. ఇప్పుడది కంప్యూటర్లో, ఫోన్లలో అందరూ చూసే ఒకే జాబితా అయింది. ఏ భవనం, లిఫ్టుకేం రోగం, ఎవరికి అప్పగించారు, ఎన్నాళ్లయింది, అన్నీ గళ్లలో వరసగా ఉంటాయి. ఆ ఉదయానికి అరవై ఒక్క ఫిర్యాదులున్నాయి. వాటిలో తనవేవో వెతుక్కోవడానికే సూపర్‌వైజరుగారికి రోజూ అరగంట పట్టేది.

ఇవాళ ఆ అరగంట వదులుకునే ఉద్దేశం ఆయనకు లేదు. ఎదురుసీటు గుమస్తా ఎప్పుడో నేర్పిన విద్య గుర్తుచేసుకుని, తన పేరున్నవి తప్ప మిగతావి కనబడకుండా జాబితాను వడగట్టాడు. నాలుగే మిగిలాయి. అన్నీ తనవే అయినప్పుడు పేరు మాత్రం ఎందుకని "ఎవరికి" అన్న గడి దాచేశాడు. చూస్తే మనసు పాడవుతుందని "ఎన్నాళ్లయింది" అన్న గడీ దాచేశాడు. తెర శుభ్రంగా, కడిగిన పళ్లెంలా ఉంది.

"ఈ అమరిక మీకు మాత్రమేనా, అందరికీనా?" అని కంప్యూటరు అడిగింది. ఆయన పదముగ్గురున్న ఉమ్మడి కుటుంబంలో పెరిగినవాడు. ఆ ఇంట్లో బిస్కెట్టు దొరికినా సరే, "నాకు మాత్రమే" అన్నవాడికి వీపు విమానం మోత మోగేది. చిన్ననాటి భయం వేలికొసకు వచ్చినట్టుంది, "అందరికీ" నొక్కేశాడు.

పది నిమిషాల్లో మేనేజరమ్మ తన గదిలోంచి దాదాపు పరుగెత్తుకొచ్చింది.

"నిన్న అరవై ఒకటి, ఇవాళ నాలుగా! ఎలా చేశారండీ?"

ఏం చేశాడో ఆయనకింకా తెలియదు. కానీ ఆ కంపెనీలో పొగడ్త అనేది ఏడాదికోసారి కూడా దొరకదు. వచ్చినదాన్ని వెనక్కి పంపే అలవాటు ఆయనకు లేదు. "ఏదోనండీ... మీ అభిమానం," అన్నాడు.

మేనేజరమ్మ ఆ వార్త ఓనరుగారికి చెప్పింది. ఓనరుగారు ఊరుకుంటాడా? తన ఇరవై భవనాల లిఫ్టుల పనీ ఇంకో కంపెనీకి ఇచ్చేస్తానని నెలరోజులుగా బెదిరిస్తున్న బిల్డరుకు వెంటనే ఫోన్ చేశాడు. "నాలుగంటే నాలుగే ఉన్నాయి. మూడింటికి వచ్చి మీ కళ్లతో చూసుకోండి!"

పదకొండింటికి సూపర్‌వైజరుగారు పెద్ద మెకానిక్కుకు ఫోన్ చేశాడు.

"బాబాయ్, ఎక్కడున్నావు?"

"పళ్ల డాక్టరు దగ్గర సార్."

"పన్ను నొప్పా?"

"లిఫ్టు సార్."

"అది నా పని కదా!"

"అలాగా? పేరు లేకపోయేసరికి అందరిదీ అనుకున్నాం. ఐదుగురం వచ్చేశాం. సందులో రెండు తలలే పడుతున్నాయి, మిగతా ముగ్గురం సలహాలిస్తున్నాం."

"మరి మీ పనులు?"

"ఇంకేం పనులు సార్? ఫోన్లో నాలుగే ఉన్నాయి. ఇదయ్యాక అందరం కలిసి రెండోదానికి పోతాం. ఇంత హాయిగా ఉద్యోగం చేసి ఎన్నాళ్లయిందో!"

అప్పుడు అర్థమైంది ఆయనకు. బిల్డరు ముందు బండారం బయటపడితే ఇరవై భవనాలూ పోతాయి. సంజాయిషీలు రాసిచ్చేసరికి ఈతకొలనులో నీళ్లు తప్ప ఎవరూ మిగలరు.

జాబితాను యథాస్థితికి తేవాలని కూర్చున్నాడు. నేర్పిన గుమస్తా ఆ రోజే సెలవు. ఒకటి నొక్కితే జాబితా క్యాలెండరు అయింది. ఇంకోటి నొక్కితే ముక్కలుముక్కలై పేకముక్కల్లా పరుచుకుంది. మరోటి నొక్కితే నాలుగూ పోయి తెర ఖాళీ అయింది. మేనేజరమ్మ అటుగా వచ్చి చూసి, "అవీ అయిపోయాయా!" అని మురిసిపోయింది. నోరు తెరిచి నిజం చెబుదామనుకునేలోపే ఓనరుగారికి మళ్లీ ఫోన్ చేయడానికి వెళ్లిపోయింది.

సరిగ్గా మూడింటికి మేనేజరమ్మ బిల్డరును వెంటబెట్టుకుని వచ్చి, గోడమీది పెద్ద తెర ఆన్ చేసింది. అదే క్షణంలో సూపర్‌వైజరుగారు మిగిలిన ఆఖరి బటను నొక్కాడు. అరవై ఒకటీ తిరిగొచ్చాయి. వారం దాటినవన్నీ ఎర్రగా ఉన్నాయి. గోడంతా ఎరుపే.

సూపర్‌వైజరుగారు గడియారం చూశాడు. అబద్ధం చెబితే గంట పడుతుంది, నిజమైతే రెండు నిమిషాలు చాలు.

"తప్పు నాదే సార్. నా పనులు నాకు తొందరగా కనబడాలని మిగతావి దాచాను. అవి అందరికీ దాగిపోయాయి. అసలు లెక్క ఇదీ."

బిల్డరు కళ్లజోడు సర్దుకుని తెర దగ్గరికి వెళ్లాడు. వేలు పెట్టి ఒక్కొక్కటే చదివాడు. మేనేజరమ్మ కుర్చీ వెతుక్కుని కూలబడింది.

"మా భవనాల్లో పదకొండు ఆగిపోయున్నాయి," అన్నాడు చివరికి. "ఇందులోనూ పదకొండే ఉన్నాయి. పొద్దున మీ ఓనరుగారు నాలుగే అన్నప్పుడు, ఇవాళే తెగతెంపులు చేసుకుపోదామని వచ్చాను. ఇంకో రెండు కంపెనీల వాళ్లూ నాకు సున్నాలే చూపించారు. ఉన్నదున్నట్టు చూపించింది మీరొక్కరే. మా లిఫ్టులు మీ దగ్గరే ఉంటాయి. ఆ ఎర్రవి ముందు చూడండి చాలు."

సూపర్‌వైజరుగారికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అంతలో పెద్ద మెకానిక్కు ఫోన్ చేశాడు. ఐదుగురూ కలిసి ఆయన నాలుగు పనులూ పూర్తిచేసేశారట.

"ఇంకా ఇక్కడే నిలబడ్డారేం? మీకేదో పనుందన్నారుగా, వెళ్లండి!" అంది మేనేజరమ్మ. కోపం రేపటికి వాయిదా వేసినట్టుంది.

ఆయన చేరేసరికి పిల్లలు ఆరుగురూ గట్టుమీద వంగి నిలబడి ఉన్నారు. భార్య పక్క సీటు మీద సంచి పెట్టి ఆయనకోసం ఆపి ఉంచింది. ఆయన కూర్చోకుండా రెండు చేతులూ పైకెత్తి ఊపాడు. కూతురు తల తిప్పింది. చూసింది. నిటారుగా లేచి నిలబడి, తనూ రెండు చేతులూ ఊపింది. ఈల ఎప్పుడు మోగిందో తెలియదు. మిగతా ఐదుగురూ సగం దూరం పోయాక దూకింది.

ఆఖరుగా వచ్చినా నవ్వుతూనే పరుగెత్తుకొచ్చి, తడి ఒంటితో ఆయన నడుము చుట్టేసింది. "వచ్చావు నాన్నా!"

"వచ్చానమ్మా," అన్నాడు. చొక్కా అంతా తడిసింది. అంత సుఖంగా ఉండి చాలాకాలమైంది.

"పోయిన రెండుసార్లూ దీనికి రెండో స్థానం వచ్చింది," అంది భార్య తువ్వాలు అందిస్తూ. "వచ్చేసారి మీరు ఈల మోగాక రండి."