దొరగారి రెండోది

మగకుక్క అనగా రెండు వృషణాలు గల కుక్క. శునక సంఖ్యా నియంత్రణ కార్యాలయం ఈ నిర్వచనాన్ని తన నియమావళి మొదటి పేజీలోనే అచ్చు వేయించి, సంబంధించిన వారందరికీ పంపింది. ప్రకృతికి మాత్రం ప్రతి పంపలేదు. (ఆమె చిరునామా దొరకలేదని తర్వాత వివరణ ఇచ్చారు.) ఆ చిన్న లోపం వల్ల కత్తెర బాబాయ్ రెండేళ్లపాటు చెప్పులు అరగదీశాడు.

కత్తెర బాబాయ్‌కి వీధి మలుపులో రెండు కుర్చీల సెలూన్ ఉంది. మూడో కుర్చీ పట్టే చోట దొర పడుకుంటాడు. దొర పది నెలల మగకుక్క. ఒక చెవి నిటారుగా నిలబడుతుంది, రెండోది ఎప్పుడూ వాలే ఉంటుంది. రాలిన జుట్టులో దొర్లి రోజుకో రంగులో ఇంటికి వెళ్తాడు. తన నెత్తిమీద జుట్టంతా రాలిపోయినా పట్టించుకోని బాబాయ్, వాడు ఒక పూట తిండి మానేస్తే సెలూన్ మూసేస్తాడు.

అలా మూసేసిన ఒక పూట పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ దొరని అటూ ఇటూ తిప్పి చూసింది. కడుపునొప్పి ఏమీ లేదని తేల్చింది. తర్వాత వెనకవైపు చూసి ఆగింది.

"బాబాయ్, ఒకటే కిందికి దిగింది. రెండోది పొట్టలోనే ఉండిపోయింది."

"ఉండనీయమ్మా. అక్కడ దానికేం కష్టం?"

"దానికేం కష్టం లేదు, కష్టమంతా వీడికే. లోపలి వేడికి కొన్నాళ్లకు అది గడ్డగా మారొచ్చు. ప్రాణం మీదికి వస్తుంది. పొట్ట కోసి అదీ, బయటిదీ రెండూ తీసేస్తే పీడా పోతుంది."

బాబాయ్ దొరని దగ్గరికి లాక్కున్నాడు. "అయితే ఇప్పుడే కానిచ్చెయ్యి తల్లీ."

"నేను కత్తి పట్టాలంటే కార్యాలయం అనుమతి ఉండాలి. యాప్‌లో అడగండి, రెండు నిమిషాల పని," అంది డాక్టరమ్మ. ఆమె ఆ ఊరికి కొత్త.

యాప్ దొరగారి క్షేమసమాచారాలు ఎంతో మర్యాదగా అడిగి, 'ప్రస్తుతం గల వృషణాల సంఖ్య' దగ్గర ఆగింది. కింద రెండే గడులున్నాయి: రెండు, సున్నా. (ఒకటి అనే అంకెను ఖర్చుల తగ్గింపులో భాగంగా తొలగించారు.) రెండు నొక్కితే ఫొటో అడిగింది. ఫొటో తీశారు. దొర ఏమీ మొహమాటపడలేదు గానీ యాప్ ఒప్పుకోలేదు.

"బావా, రెండు అన్నా అబద్ధమే, సున్నా అన్నా అబద్ధమే. ఫొటో అడగని అబద్ధం నొక్కేద్దాం. లోపలికెళ్లాక సరిచేసుకోవచ్చు," అన్నాడు బావమరిది. ఫోన్ల విషయంలో ఆ ఇంట్లో అతని మాటకు తిరుగులేదు. పగలంతా ఫోన్ పట్టుకుని కూర్చునే తీరిక అతనికొక్కడికే ఉంది.

సున్నా నొక్కారు. కన్ను మూసి తెరిచేలోగా జవాబు వచ్చింది: 'అభినందనలు. మీ శునకానికి శస్త్రచికిత్స విజయవంతంగా పూర్తయింది. వారం రోజులు స్నానం చేయించకండి.'

డాక్టరమ్మ ఆ సందేశం చదివి తల పట్టుకుంది. "ఆపరేషన్ అయిపోయిందని రికార్డుకెక్కిన కుక్కకి మళ్లీ చేస్తే నా లైసెన్సు ఊడుతుంది బాబాయ్. ముందు ఆ సున్నా తీయించుకురండి."

సున్నాలు తీసే అధికారం కార్యాలయం పై అంతస్తులోని గణన పర్యవేక్షకుడిది. ఆయన నెమ్మదైన మనిషి. ఎవరినీ కసురుకోడు, ఎవరి పనీ చేయడు. దొరని బల్ల ఎక్కించి, చేతికి తొడుగు వేసుకుని, కళ్లు మూసుకుని స్వయంగా తనిఖీ చేశాడు.

"ఒకటి ఉంది," అన్నాడు.

"అవును సార్."

"రికార్డులో సున్నా ఉంది."

"అదే సార్ తప్పు. ఉన్నవి రెండు."

"నా చేతికి ఒకటే తగిలిందే."

"రెండోది పొట్టలో ఉంది సార్. స్కాన్‌లో కూడా కనబడింది."

"పొట్ట మా పరిధిలోకి రాదండీ. చర్మానికి బయట ఉన్నంతవరకే మా శాఖ. రెండోది కిందికి దిగి హాజరైతే సున్నాని రెండు చేస్తాం. అంతదాకా సున్నాయే."

దిగడానికి మూడు నెలల 'అవతరణ గడువు' ఇచ్చారు. గడువు తీరినప్పుడల్లా దొర మెట్లెక్కి వెళ్లేవాడు, తొడుగు వేసుకున్న చేతికి ఒకటే తగిలేది, గడువు మరో మూడు నెలలు పెరిగేది. లిఫ్టులో కాకుండా మెట్ల మీదుగా దిగితే ఆ కుదుపుకి అదీ దిగుతుందేమోనని గుమాస్తా ఒకాయన సలహా ఇచ్చాడు. (లిఫ్టు పనిచేయదు.) దొర మాత్రం ఆ రాకపోకలని సరదాగానే తీసుకున్నాడు. గేటు దగ్గర కాపలా ఉండే కార్యాలయం వారి ఆడకుక్కతో వాడికి బాగా చనువు కుదిరింది.

కొన్నాళ్లకి ఆ ఆడకుక్క ఐదు పిల్లల్ని పెట్టింది. ఐదింటికీ ఒక చెవి నిటారుగా ఉంది, రెండోది వాలి ఉంది.

"సార్, ఇంతకంటే రుజువేం కావాలి?" అన్నాడు బాబాయ్, ఒక పిల్లని ఎత్తి చూపిస్తూ.

పర్యవేక్షకుడు ఆ చెవుల్ని చాలాసేపు చూశాడు. "మీ కుక్కకు శస్త్రచికిత్స అయిపోయింది కాబట్టి ఇవి దాని సంతానం కావడానికి వీల్లేదండీ. చెవులంటారా, కాకతాళీయం," అన్నాడు. తండ్రి ఎవరో తెలపాలని తల్లికి సంజాయిషీ నోటీసు ఇచ్చారు. (గడువులోగా జవాబు రాలేదు.)

దొరకి మూడో ఏడు నడుస్తుండగా డాక్టరమ్మ మళ్లీ స్కాన్ తీసింది. లోపలిది పెరిగింది. ఇక ఆగితే కష్టమని నెమ్మదిగా చెప్పింది. ఆ మధ్యాహ్నం బాబాయ్ ఒకాయన మీసం ఒక పక్కే తీసి ఊరుకున్నాడు. ఆయన్ని అలాగే పంపించేసి, షట్టర్ సగం దించి, దొర మెడ చుట్టూ చేతులు వేసుకుని ఏడ్చాడు. అది నవ్వులాటకి లొంగే విషయం కాదు కాబట్టి అక్కడితో వదిలేద్దాం.

సాయంత్రం ఆసుపత్రికి పరుగెత్తాడు. "వాళ్ల కాళ్లు పట్టుకోవడమొక్కటే మిగిలిందమ్మా. ఎప్పుడెళ్లినా పొట్ట మా పరిధి కాదంటాడు, పొట్ట మా పరిధి కాదంటాడు..."

మందుసీసా మూత పెడుతున్న డాక్టరమ్మ చెయ్యి ఆగింది. "ఏమన్నాడూ?"

"పొట్ట వాళ్ల పరిధి కాదంట."

"అయితే పొట్ట కోయడానికి వాళ్ల అనుమతి ఎందుకు బాబాయ్?"

"మరి బయట ఉన్నదో?"

"అది రికార్డులో లేదుగా. లేనిదాన్ని తీశానని నన్నెవరు పట్టుకుంటారు?"

మర్నాడు పొద్దున్నే దొర పొట్ట కోసి లోపలి గడ్డని తీశారు. అది ఇంకా ఎక్కడికీ పాకలేదు. ఎలాగూ కత్తి చేతిలోనే ఉంది కాబట్టి రికార్డులో లేనిదాన్ని కూడా తీసేశారు. కేసు కాగితంలో 'పొట్టలో అనవసర వస్తువు, తొలగించడమైనది' అని రాశారు. వారం తిరిగేసరికి దొర, కుట్లు నాకకుండా మెడకి కట్టిన గొట్టంతో సహా జుట్టులో దొర్లుతున్నాడు.

ఆ నెలలోనే పర్యవేక్షకుడు గడ్డం గీయించుకోవడానికి సెలూన్‌కి వచ్చాడు. కుర్చీలో వెనక్కి వాలి, నురగ కింద కళ్లు మూసుకుని పలకరించాడు.

"ఏవండీ, మీ వాడిది దిగిందా?"

బాబాయ్ కత్తి ఆయన గొంతు దగ్గర ఆగింది. రెండేళ్ల మెట్లు, ఐదు కుక్కపిల్లల చెవులు, సగం మీసంతో వెళ్లిపోయిన పెద్దాయన ముఖం వరసగా గుర్తుకొచ్చాయి.

"లేదు సార్. ఇక దిగదు. ఇప్పుడు వాడికి నిజంగానే సున్నా."

పర్యవేక్షకుడు కళ్లు తెరవలేదు. నురగలోంచే తృప్తిగా నవ్వాడు.

"చూశారా, మా రికార్డు ఎప్పుడూ తప్పు చెప్పదండీ. కాస్త ముందుగా చెబుతుంది, అంతే."