ప్రొఫెసర్ గారు ఎంత తిన్నారు?

ఆ ఉదయం హెస్తి పథకం చాలా చిన్నది. అత్తగారు వండిన పసుపన్నపు గోపురాన్ని, అదే తుంపెంగ్‌ని, కొన చెదరకుండా బడికి చేర్చాలి. తొమ్మిదో తరగతి పిల్లల ముందు పెట్టి శంకువు లెక్క చేయించాలి. అంతే.

స్కూటర్ వెనక కూర్చుని, అరిటాకు పరిచిన పళ్ళాన్ని ఒళ్ళో పెట్టుకుంది. కొబ్బరిపాల వాసన దారంతా ఆమెతోనే వస్తోంది. పెళ్ళయి మూడు నెలలే కావడంతో భర్త వికాన్ వీపు చూసినా ఆమెకు నవ్వు ఆగదు. జావా ఆలుమగల తీరున ఆమె అతన్ని 'మస్' అంటుంది, అతను ఆమెను 'దేక్' అంటాడు.

"మస్, గుంతలు చూసి నడుపు. కొన విరిగితే నా చదువు విరిగినట్టే."

"నన్ను గట్టిగా పట్టుకోవే."

"రెండు చేతులూ అన్నానికే సరిపోయాయి. నువ్వు నీ అంతట నువ్వే గట్టిగా ఉండు!"

ఆమె భయానికి కారణం ఉంది. పిల్లల ఆలోచనా తీరును బట్టి వాళ్ళు లెక్క చేసే పద్ధతి ఎలా మారుతుందన్నది ఆమె పీజీ పరిశోధన. ఎవరిది ఏ తీరో తేల్చడానికి ప్రశ్నపత్రం ఇస్తే, తరగతి తరగతంతా ఒకే తీరని తేలింది. లీడరు లింటాంగ్ ఎక్కడ టిక్కు పెట్టాడో చూసి అందరూ అక్కడే పెట్టారు. నలుగురిలో వేరుగా కనబడడం మర్యాద కాదని వాళ్ళ ఊరు బ్లితార్‌లో పిల్లలకు ఉగ్గుపాలతోనే నేర్పుతారు. "అందరిదీ ఒకే ఆలోచనైతే ఇక తీరులేమిటమ్మా? నేనే వచ్చి చూస్తా. అప్పుడూ ఇలాగే ఉంటే ఈ పరిశోధన కట్టిపెట్టేద్దాం" అన్నారు మలాంగ్ విశ్వవిద్యాలయంలో ఆమె గైడు, ప్రొఫెసర్ హర్యోనో. ఆయన వచ్చేది ఇవాళే. పుస్తకంలో శంకువు కనిపిస్తే పిల్లలంతా ఒకే సూత్రం రాస్తారు. కళ్ళెదుట నిజం గోపురం ఉంటే ఒకరిద్దరైనా వేరుగా ఆలోచించకపోతారా అని హెస్తి ఆశ.

పళ్ళాన్ని స్టాఫ్‌రూమ్ బల్లమీద పెట్టి ఆమె సుద్దముక్క కోసం వెళ్ళింది. తిరిగొచ్చేసరికి భాషా టీచరు మూర్తినా ఆ గోపురం ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉంది. జావాలో ఏ శుభమూ లేకుండా ఎవరూ తుంపెంగ్ వండరు. కొత్తగా పెళ్ళయిన పిల్ల తెస్తే ఆ శుభమేమిటో అడగనక్కర్లేదు.

"ఎన్నో నెలమ్మా?" అంది మూర్తినా.

"అయ్యో బు, అమ్మగారూ, అదేం కాదు! ఇది లెక్కల క్లాసు కోసం."

"అవునవును, లెక్కల కోసమే. నా పెద్దాడప్పుడు నేనూ కడుపుబ్బరం అనే చెప్పాన్లే." 

శుభాన్ని నోరు తెరిచి చెప్పుకోవడం అక్కడి పద్ధతి కాదు. అందుకే హెస్తి కాదన్నకొద్దీ అందరికీ నమ్మకం పెరిగింది. క్యాంటీనావిడ పుల్లమామిడి ముక్కలకు కారం పట్టించి పంపింది. డ్రిల్లు మాస్టారు ఆమెకోసం మెత్తటి కుర్చీ మోసుకొచ్చాడు. ఇంతలో ఫోన్ మోగింది.

"దేక్, నేను నాన్ననవుతున్నానంటగా! మీ బడి నుంచి ఎవరో ఫోన్ చేసి చెప్పారు. ఈ సంగతి నీకు తెలుసా?"

"నాకే తెలీదు మస్! ఫోన్ పెట్టు!"

ఆమె ఫోన్ పెట్టి తలెత్తేసరికి హెడ్‌మాస్టర్ గుణాదీ టోపీ సర్దుకుని ప్రార్థన మొదలుపెట్టేశాడు. సరిగ్గా అప్పుడే, పొద్దున్నించీ ఏమీ తినకుండా బస్సులో వచ్చిన ప్రొఫెసర్ హర్యోనో గుమ్మంలో అడుగుపెట్టారు. తుంపెంగ్ కొన ఎప్పుడూ అందరిలోకీ పెద్దవారికే దక్కాలి. ఆయనకంటే పెద్దవారు ఆ జిల్లాలోనే లేరు. గుణాదీ భక్తి కొద్దీ గోపురాన్ని సగం ఎత్తు దగ్గర కోసి, పైముక్కంతా ఆయన పళ్ళెంలో పెట్టాడు.

"పాక్, ఆగండి సార్! అది..." అంది హెస్తి.

"సిగ్గెందుకమ్మా" అన్నారు అందరూ ఒక్కసారే.

పెట్టినదాన్ని వదిలేయడం అమర్యాద. ప్రొఫెసర్ గారు మెతుకు మిగల్చలేదు. 

మొండి గోపురాన్నే హెస్తి తరగతిలోకి మోసుకెళ్ళింది. రాత్రంతా కూర్చుని తయారుచేసిన లెక్కలో శంకువుంది, పళ్ళెంలో లేదు. వెనక బెంచీలో ప్రొఫెసర్ కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. నోటికి ఇంకేమీ రాక ఆమె అడిగేసింది:

"పిల్లలూ, మొత్తం అన్నంలో ప్రొఫెసర్ గారు ఎంత తిన్నారు?"

తరగతి బిగుసుకుపోయింది. అతిథి ఎంత తిన్నాడని అడగడమా! అందరి చూపులూ లింటాంగ్ మీదకు వెళ్ళాయి. వాడు లేచి, మొండి గోపురం వాలును కంటితోనే కొలిచాడు.

"సగం ఎత్తు పోయింది బు. అంటే... సగం అన్నం."

"సగం!" అంది తరగతంతా ఒకే గొంతుతో.

హెస్తి కళ్ళు మూసుకుంది. మళ్ళీ అందరిదీ ఒకే మాట, అదీ తప్పు. పరిశోధన ముగిసిందనుకుంది. కానీ వెనక బెంచీ కిర్రుమంది. ప్రొఫెసర్ హర్యోనో లేచి నిలబడ్డారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"నేనా? ఇంతమందికని వండిన అన్నంలో సగం నేనొక్కణ్ణే తినేశానా? నిరూపించండి చూద్దాం!"

పెద్దాయనను తిండిపోతును చేశాక ఇక ఎవరి మర్యాద ఎవరు కాపాడతారు? ఆయన పరువు నిలబెట్టడానికి ఎవరికి తోచిన దారిన వాళ్ళు పరుగెత్తారు. పక్కవాడి కాగితం చూసే తీరిక ఎవరికీ లేదు.

సెకార్ మాంసం గుచ్చి కాల్చే సాతే పుల్లలు రెండు తెచ్చి, మిగిలిన అన్నం ఏటవాలు అంచులకు ఆనించి పైకి పట్టుకుంది. గాలిలో అవి కలిసినచోటు చూపించి, "ఇదిగో, పోయిన కొన ఇక్కడుండేది! ఉన్నదెంత ఎత్తో పోయిందీ అంతే!" అని అరిచింది. జాటీ పూలమడి నుంచి టోపీ నిండా ఇసుక తెచ్చాడు. కాగితంతో ఒక పెద్ద శంకువు, దానికి సగం ఎత్తున్న బుజ్జి శంకువు చుట్టి, బుజ్జిదానితో పెద్దదాన్ని నింపసాగాడు. "ఏడు... ఎనిమిది! ఇక పట్టదు బు!" లింటాంగ్ 'ఇచ్చినవి, కావలసినవి' అని గీతలు కొట్టి, ఒక్క మెట్టూ వదలకుండా సూత్రం దింపుతున్నాడు. వాడు మూడో వరుసలో ఉండగానే, కిటికీలోంచి బయటకు చూస్తున్న తియాస్ మెల్లగా అంది.

"పొడవు సగం, వెడల్పు సగం, లోతు సగం. సగంలో సగంలో సగం. ఎనిమిదో వంతు."

"ఎలా చేశావే?" అన్నాడు లింటాంగ్.

"చెయ్యలేదు. కనబడింది."

"నాకూ అంతే వచ్చింది. ఎనిమిదో వంతే సార్!" అన్నాడు లింటాంగ్ చివరి గీత గీసి. తరగతి చప్పట్లు కొట్టింది.

"ఎనిమిదో వంతు!" ప్రొఫెసర్ గారు పిల్లాడిలా చేతులు పైకెత్తారు. "విన్నారా? ఎనిమిదో వంతే! ఒకరు పుల్లలతో, ఒకరు ఇసుకతో, ఒకరు మెట్టుమెట్టుగా, ఒకరు ఊరికే కూర్చుని! హెస్తీ, ఆ ప్రశ్నపత్రం అవతల పారెయ్యి. ఈ గంటలో నేను చూసిందే రాయి, సంతకం నాది."

హెస్తికి ఎగరాలనిపించింది. డ్రిల్లు మాస్టారు కిటికీ దగ్గర్నుంచి కళ్ళు పెద్దవి చేస్తున్నా లెక్కచేయకుండా ఎగిరింది కూడా. తర్వాత మిగిలిన అన్నం పిల్లలకు పంచుతూ వికాన్‌కు ఫోన్ చేసింది.

"మస్, కడుపూ లేదు, గిడుపూ లేదు. కానీ నా పరిశోధన నిలబడింది!"

"హమ్మయ్య! మూర్తినా బు పాల డబ్బా పంపింది, వెనక్కిచ్చేయనా?"

"ఎందుకు, కాఫీలో పోసుకుందాం."

ఆమె సిద్ధాంత గ్రంథానికి ఆ ఏడాది అత్యుత్తమ శ్రేణి వచ్చింది. అందులో ప్రయోగానికి కావలసిన సామగ్రి అన్నచోట అన్నం, పుల్లలు, కాగితం, ఇసుకల తర్వాత ఇలా ఉంటుంది: పరువు మీద పట్టింపున్న అతిథి, ఒకరు.