అపరంజి కోసం ఉపవాసం

పెద్ద అడవి ఒకటి ఉండేది. అందులో పులి లేదా, సింహం లేదా అంటే ఉన్నాయి గాని, ఆదివారం వచ్చిందంటే అవి కూడా మొహం కడుక్కుని, జూలు దువ్వుకుని చర్చికి వెళ్లేవి. వెనక బెంచీలో కూర్చుని, ప్రసంగం మొదలవగానే కునుకు తీసేవి.

ఆ సంఘానికి పాస్టరు తాబేలుగారు. మంచివాడే, కానీ ఆయన డిప్పలోంచి మెడ బయటికి తీసి "ప్రియులారా" అనేసరికే సగంమందికి ఆకలి వేసేది. అందుకని పెత్తనమంతా సంఘపెద్ద జ్ఞానానందంగారి చేతిలోకి వెళ్లిపోయింది. ఆయన కొంగ. ఒంటికాలి మీద నిలబడి, కళ్లు గట్టిగా మూసుకుని, ప్రార్థనలో ఎవరెవరు కళ్లు తెరిచారో పేర్లతో సహా చెప్పగల దిట్ట.

ఆ సంఘంలోనే నిరీక్షణ అని ఒక ఉడుత పిల్ల ఉండేది. ఉడుతలు తాతల కాలం నుంచి క్వయర్‌లో వెనక వరసలో కంజీర వాయించేవే తప్ప మైకు ముట్టిన పాపాన పోలేదు. అలాంటిది ఈ ఏడు క్రిస్మస్ పాటకి పల్లవి నిరీక్షణ ఒక్కతే పాడాలని తేలింది. ఆ పిల్ల ఆనందం పట్టలేక చెట్టెక్కి దిగి, మళ్లీ ఎక్కి, ఎందుకెక్కిందో మర్చిపోయి మళ్లీ దిగింది.

అప్పటికి అడవిలో ఇంటికో ఫోను ఉంది. సఫారీకి వచ్చిన మనుషులు పారేసుకున్నవి కోతులు ఏరి తెచ్చి పంచిపెట్టాయి. పక్క అడవిలో నక్కలు 'ఉప్పు డబ్బా' అని ఒక సీరియల్ తీసి వదులుతుండేవి. అందులో అపరంజి అనే జింక కోడలు పప్పు వండుతుంది. అత్తగారు చాటుగా వచ్చి ఇంకో గుప్పెడు ఉప్పు వేసి పోతుంది. భర్త ఒక ముద్ద తిని కంచం విసిరికొడతాడు. పన్నెండొందల భాగాలు వచ్చాయి గాని ఆ ఇంట్లో ఒక్కరికైనా అనుమానం రాలేదు.

నిరీక్షణ కూడా మూడు భాగాలు చూసింది. నాలుగో రోజు పొద్దున వాళ్ల వదిన సలోమి పప్పు వడ్డిస్తే ముద్ద ఎత్తి వాసన చూసింది.

"ఇందులో ఉప్పు ఎవరు వేశారు వదినా?"

"నేనే వేశాను. పక్కింటివాళ్లొచ్చి వేస్తారా?"

నిరీక్షణ వదిన వైపు తల తిప్పి చూసింది. ఇంకోసారి తిప్పి చూసింది. మూడోసారి కూడా తిప్పి చూశాక మెడ పట్టేసి, తనకే సిగ్గనిపించింది. తల్లిలా అన్నం పెట్టే మనిషిని అలా చూడటమేమిటని ఆ రోజే సీరియల్ మానేసింది. కానీ మనసులో ఒక ప్రశ్న మిగిలిపోయింది. ఆదివారం యవనస్తుల కూడికలో చెయ్యెత్తి అడిగేసింది.

"అయ్యగారూ, మాలాంటివాళ్లం ఏది చూడొచ్చో, ఏది చూడకూడదో ఎలా తెలుసుకోవాలండీ?"

పాస్టరుగారు సంతోషపడి మెడ బయటికి తీయడం మొదలుపెట్టారు. అది సగం దూరం వచ్చేసరికి జ్ఞానానందంగారు లేచి నిలబడ్డారు.

"ఇందులో అయ్యగారిని ఇబ్బంది పెట్టడం దేనికి? కమిటీ వేద్దాం. వచ్చిన ప్రతి కార్యక్రమాన్నీ ముందు పెద్దలం చూస్తాం. లోక సంబంధమైనదో కాదో తేలుస్తాం. అప్పటిదాకా యవనస్తులెవరూ ఏదీ చూడకూడదు. ఇప్పటికే చూసినవాళ్లెవరైనా ఉంటే క్రిస్మస్ పాటలో ఉండరు."

నిరీక్షణ ఎత్తిన చెయ్యి దించేసింది. చూశావా అని తననెవరూ అడగలేదు గనక తోక ముడుచుకుని కూర్చుంది. అది అబద్ధం కాదని ఇంటికి వెళ్లేదాకా తనకి తానే చెప్పుకుంది గాని, ఒక్కసారి కూడా నమ్మకం కుదరలేదు.

కమిటీలో ఇద్దరే సభ్యులు. ఒకరు జ్ఞానానందంగారు, రెండోవారు ఎలుగుబంటి దైవాశీర్వాదంగారు. ఈయన మనసు వెన్న, తిండి తేనె. యవనస్తుల ఫోన్లన్నీ బుట్టకెత్తి, చర్చి వెనక గదిలో తలుపు వేసుకుని ఇద్దరూ పనిలో దిగారు. ముందుగా 'ఉప్పు డబ్బా' పట్టుకున్నారు. పాటలు వచ్చినప్పుడు కళ్లు మూసుకోవాలని నియమం పెట్టుకున్నారు. కళ్లు మూసుకున్నారు గాని, దైవాశీర్వాదంగారి కాలు తాళం వేస్తూనే ఉండేది.

"పది భాగాలు చూశాం కదా, చెడ్డదని రాసేద్దామా?" అన్నారాయన మొదటి రోజు.

"తొందరపడి తీర్పు తీర్చకూడదు. చివర్లో అత్తగారు మారుమనస్సు పొందుతుందేమో, మనకేం తెలుసు?" అన్నారు జ్ఞానానందంగారు, కళ్లు ఫోను మీంచి తీయకుండా.

సెప్టెంబరు పోయింది, అక్టోబరు పోయింది. గదిలోంచి వెక్కిళ్లు వినిపిస్తే, పెద్దలు మన పిల్లల కోసం ఎంత భారంతో ప్రార్థిస్తున్నారోనని బయట ఉన్న తల్లులు కళ్లు తుడుచుకునేవారు.

డిసెంబరు మూడో ఆదివారం ఆరాధనలో దైవాశీర్వాదంగారు ప్రార్థనకి లేచారు. పంటల కోసం ప్రార్థించారు, రోగుల కోసం ప్రార్థించారు. అంతలో రెండు చేతులూ పైకెత్తేశారు.

"ప్రభువా, మా సహోదరి అపరంజిని జ్ఞాపకం చేసుకో తండ్రీ! అత్త చేతిలో నలిగిపోతోంది. ఆ పప్పులో ఉప్పు ఎవరు వేశారో నీకు తెలుసు, నాకు తెలుసు, ఆ మొగుడికే తెలియదు తండ్రీ!"

సంఘమంతా ఒక్క గొంతుతో ఆమేన్ అంది. వెనక బెంచీలో పులి కూడా లేచి కళ్లు ఒత్తుకుంది.

స్త్రీల సమాజం అధ్యక్షురాలు ఎలీసమ్మగారు ముళ్లపంది. కష్టంలో ఉన్న ఆడకూతురని వినబడితే ఆవిడ ముళ్లు వాటంతటవే లేచి నిలబడతాయి. అక్కడికక్కడే ప్రకటించారు.

"రేపటి నుంచి మూడు రోజులు అపరంజి కోసం ఉపవాస ప్రార్థన. నాలుగో రోజు మనమంతా వాళ్ల ఇంటికే వెళ్లి ఆ అత్తని నిలదీద్దాం. ఇంటికొక తేనెపట్టు తెచ్చివ్వండి, పిల్ల ఎంత చిక్కిపోయిందో ఏమో!"

జ్ఞానానందంగారు నోరు తెరిచారు. కానీ నిజం చెబితే, అపరంజి ఎవరో మీకెలా తెలుసని అడుగుతారు. మళ్లీ మూసేసి, చాలా భక్తిగా రెండో కాలు కూడా పైకెత్తబోయి తూలిపడ్డారు.

అపరంజి ఎవరో తెలిసిన మూడో ప్రాణి నిరీక్షణ. చెబితే పల్లవి పోతుంది. ఇంకెంత, మూడు రోజులే కదా, ఉపవాసం ఎవరికైనా మంచిదేలెమ్మని సరిపెట్టుకుంది.

రెండో రోజు గడిచింది. మూడో రోజు మధ్యాహ్నం వంటింట్లో దబ్బుమని శబ్దం. సలోమి వదిన కళ్లు తిరిగి పడిపోయింది. చంటిపిల్లలకి పాలిచ్చే మనిషి, రెండున్నర రోజులుగా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు.

"వదినా, ఒక్క ముద్ద తిను! నీకు దణ్ణం పెడతాను!"

"సాయంత్రం దాకా ఆగలేనా ఏమిటి? ఆ పిల్ల ఎన్నాళ్ల నుంచి పస్తులుంటోందో, పాపం!" అంది సలోమి గొంతు పీలగా.

నిరీక్షణకి ఏడుపు ముంచుకొచ్చింది. ఇలాంటి మనిషినా తను మూడుసార్లు తల తిప్పి చూసింది! ఇంకేం ఆలోచించలేదు. పరుగెత్తుకుంటూ చర్చికి వెళ్లి, నీరసంగా పాటలు పాడుతున్న వాళ్ల మధ్య నుంచి దూరి మైకు స్టాండు ఎక్కేసింది.

"అందరూ అన్నం తినండి! అపరంజి లేదు!"

"అయ్యో, పోయిందా!" అని ఎలీసమ్మగారు గుండె బాదుకున్నారు.

"పోలేదండీ! అసలు పుట్టనేలేదు. అది సీరియల్లో కోడలు. నక్కలు డబ్బాలో ఉప్పు కూడా వేయవు, ఇసక వేస్తాయి!"

జ్ఞానానందంగారు మెడ సాచారు.

"అమ్మాయ్, ఈ సంగతి నీకెలా తెలుసు?"

"నేను చూశానండీ. మూడు భాగాలు."

"అయితే క్రిస్మస్ పాటలో నువ్వు లేవు."

"లేకపోతే పోనీండి. ముందు మా వదినని తినమని చెప్పండి" అంది నిరీక్షణ, కళ్ల నీళ్లు తోకతో తుడుచుకుంటూ.

అప్పుడు ఎలీసమ్మగారి ముళ్లు ఒక్కొక్కటే లేచాయి.

"అది సరే దైవాశీర్వాదంగారూ, సీరియల్లో కోడలు మీ ప్రార్థనలోకి ఎలా వచ్చింది?"

దైవాశీర్వాదంగారు భోరుమన్నారు. "మొదట్లో సీరియలని గుర్తుందమ్మా! ఆరువందల ఎనిమిదో భాగం దగ్గర మర్చిపోయాను!"

ఈలోగా పాస్టరుగారి మెడ పూర్తిగా బయటికి వచ్చింది. ఈసారి ఎవరూ అడ్డుపడలేదు.

"నిరీక్షణా, మూడింటితో ఎందుకు ఆపేశావమ్మా?"

"వదిన మీద ఊరికే అనుమానం పుట్టిందండీ. ప్రేమ తగ్గించేది చూడటం దేనికని మానేశాను."

"ఈ పిల్లకి మూడు భాగాల్లో తేలింది. మరి కమిటీకి?"

జ్ఞానానందంగారు గొంతు సవరించుకున్నారు. "పరిశీలన కొనసాగుతోందండీ. అత్తగారు నిన్నటి భాగంలో కొంచెం మెత్తబడినట్టే ఉంది."

"సరే. నియమం నియమమే. ఈ ఏడాది ఏ సీరియలైనా ఒక్క భాగమైనా చూసినవాళ్లు కూర్చోండి" అన్నారు పాస్టరుగారు.

ముందు క్వయర్ అంతా కూర్చుంది. తరవాత పెద్దలు కూర్చున్నారు. ఎలీసమ్మగారు నాలుగు దిక్కులూ చూసి, మోకాలి నొప్పి అని గొణుగుతూ కూర్చున్నారు. చివరికి నిలబడి ఉన్నది పాస్టరుగారు ఒక్కరే. ఆయన పల్లవి అందుకుంటే ఈస్టరుకి గాని చరణంలోకి రారని అందరికీ తెలుసు. నియమాన్ని ఆ నిమిషమే ఎత్తేశారు. అందరికంటే ముందు చెయ్యెత్తింది ఆకలితో ఉన్న పులి.

క్రిస్మస్ రోజు నిరీక్షణ పాడింది. మొదట్లో మెల్లిగానే ఎత్తుకుంది గాని, ముందు వరసలో సలోమి వదిన ఇద్దరు పిల్లల్ని చెరో భుజాన వేసుకుని కూర్చోవడం చూశాక పల్లవి చర్చి పైకప్పు రేకుల్ని దాటిపోయింది.

జనవరి మొదటి ఆదివారం కమిటీ గడువు ఇంకో ఏడాది పొడిగించారు. సభ్యత్వం కోరుతూ నలభై మూడు అర్జీలు వచ్చాయి. అన్నిటికంటే పైన ఎలీసమ్మగారిది ఉంది. నిరీక్షణని కూడా చేరమని అడిగారు గాని, ఇంట్లో పిల్లల్ని ఆడించాలని చెప్పి తప్పుకుంది.

నీతి: ఒంటరిగా చూస్తే లోకాశ, కమిటీ వేసుకుని చూస్తే పరిచర్య.