దాహం లేని షీటు

ఆ ఉదయం ఫోమయ్య వేసుకున్న పథకంలో ఎక్కడా చిల్లు లేదు. లేచి, కాఫీ తాగి, బీరువాలోని రేకు డబ్బా తీసుకుని, బస్సెక్కి ఫ్యాక్టరీకి వెళ్ళాలి. ఆసుపత్రి నుంచి వచ్చే హెడ్ నర్సు ముందు తన ఫోమ్ షీటు మీద గ్లాసుడు నీళ్ళు పోయాలి. షీటు ఆ నీళ్ళన్నీ తాగేయాలి. తలకిందులుగా పట్టుకున్నా చుక్క రాలకూడదు. ఆవిడ తల ఊపాలి. అంతే. చిల్లులన్నీ ఫోమ్‌లోనే ఉన్నాయి, పథకంలో లేవు అనుకున్నాడు పాపం.

ఫోమయ్య అన్నది ఫ్యాక్టరీ వాళ్ళు పెట్టిన పేరు. గాయాల మీద కట్టుకి పనికొచ్చే మెత్తటి ఫోమ్ తయారు చేయాలని ఏళ్ళ తరబడి కళ్ళూ వేళ్ళూ అరగదీసుకున్నాడు. ఈ రోజు నర్సు గనక కాదంటే ఆ విభాగం మూసేసి, ఆయన్ని పరుపుల విభాగానికి తోసేస్తానని ఓనరు మొహం మీదే చెప్పేశాడు. పరుపుల్లో పడ్డాక పరువేం కాను?

ఆ షీటుకి గాలిలో తడిని కూడా వదలనంత దాహం. ఫ్యాక్టరీ గోడలేమో ఎప్పుడూ చెమ్మగిల్లి ఉంటాయి. అందుకని ఉన్న ఒక్క మంచి షీటునీ ఇంటికి తెచ్చి, గాలి చొరబడని రేకు డబ్బాలో దాచాడు. రోజూ భోజనాల దగ్గర దాని గొప్పలు చెప్పేవాడు. భార్య ఎప్పుడో వినడం మానేసింది. మామగారు మాత్రం ముద్ద చేతిలోనే పట్టుకుని వినేవారు.

మామగారు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. బతుకంతా బస్సుల్లో గడిపిన మనిషి, కొన్నాళ్ళుగా గడప దాటడం లేదు. హాల్లో సోఫా మీద కూడా కూర్చోవడం లేదు. తన గదిలో చెక్క కుర్చీ, తనూ. అల్లుడింట్లో ఉండటం ఇష్టంలేక అలిగారని ఫోమయ్య అనుమానం. ఫోమ్ బెంగ ఒకవైపు, ఈ బెంగ ఒకవైపు.

ఇక ఫోమయ్యకో అలవాటుంది. షీటు మంచిదో కాదో తేల్చడానికి నాలుక కొస ఆనిస్తాడు. మంచి ఫోమ్ నాలుకని పట్టి లాగుతుంది. చూసినవాళ్ళు నవ్వేవారు గానీ, ఆ నాలుక ఎన్నడూ తప్పు చెప్పలేదు. ఈ రోజు కంగారులో పొగలు కక్కే కాఫీని ఒక్క గుక్కలో మింగేశాడు. నాలుక కాలింది. అక్కడినుంచి కాలమూ కలిసిరాలేదు.

"మెల్లిగా తాగండి! ఎవరు తరుముతున్నారు?" అంది భార్య.

"నల్సు!" అన్నాడు ఫోమయ్య, నోట్లో చల్లనీళ్ళు పుక్కిలిస్తూ.

డబ్బా మూత తీశాడు. తెల్లగా, నలుచదరంగా షీటు. నాలుక ఆనించాడు. మంట తప్ప ఏమీ తెలియలేదు. ఆ స్థితిలో ఇటుక ఆనించినా మంటే. మూత బిగించి, భోజనం క్యారేజీ మర్చిపోయి, బస్సు వెనకాల పరిగెత్తాడు.

ఫ్యాక్టరీలో హెడ్ నర్సు అప్పటికే కూర్చుని ఉంది. నవ్వడానికి డాక్టరు చీటీ కావాలన్నట్టుంది మొహం. ఎదురుగా ఓనరు, కొత్త తెల్ల ప్యాంటులో మెరిసిపోతున్నాడు.

"మా ఫోమయ్య చేతిలో మహత్తుందండీ. కానీవయ్యా!" అన్నాడు ఓనరు.

రక్తంలా కనబడాలని ఎర్ర రంగు కలిపిన ఉప్పునీళ్ళు జగ్గులోంచి గ్లాసులోకి వంపి, షీటు మీద పోశాడు ఫోమయ్య. నీళ్ళు గుండ్రంగా, పూసల్లా నిలబడ్డాయి. ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి. అందరూ వచ్చారా అని చూసుకుని, కలిసికట్టుగా ఓనరు ఒళ్ళోకి జారాయి. షీటు ఏమీ పీల్చలేదు. ఫోమయ్య ఊపిరి పీల్చడం మానేశాడు.

"కొంచెం... టైము పడుతుందండీ," అన్నాడు.

"దేనికి? వరద రావడానికా?" అంది నర్సు, కాళ్ళు పైకి తీసుకుంటూ.

ఫోమయ్య తుడవబోయి జగ్గు పడదోశాడు. దొరికిన సోఫా ఫోమ్ ముక్క అందుకుని తుడిచాడు. అది నీళ్ళని తాగదు, తరుముతుంది. ఎరుపు నర్సు చీర కుచ్చెళ్ళ దాకా పాకింది. చప్పుడు విని తొంగిచూసిన వాచ్‌మన్‌కి ఓనరు ఎర్రటి ప్యాంటు, నేల మీద మడుగు, మోకాళ్ళ మీద ఫోమయ్య కనబడ్డారు.

"అమ్మో! ఓనర్ని పొడిచేశాడు!" అని అరుస్తూ అంబులెన్సుకి ఫోను చేశాడు.

ఫోమయ్య ఒక మూలకి పోయి భార్యకి ఫోను చేశాడు. "నా డబ్బా ఎవరు ముట్టుకున్నారు?"

"నాన్నేమోనండీ. కొత్త మిక్సీ పెట్టెలో తెల్ల స్పాంజి వస్తే, అది పట్టుకుని నిన్న కత్తెర అడిగారు."

"మిక్సీ స్పాంజా! ఆయనకివ్వు ఫోను!"

"ఇంట్లో లేరు. మీ క్యారేజీ తీసుకుని మీ దగ్గరికే బయల్దేరారు. బస్సులో! నాకే నమ్మబుద్ధి కావట్లేదు."

గేటు దగ్గర అంబులెన్సు కూత వినబడింది. దానితో పాటే ఇంకో గొంతు. "రానీ... రానీ... కొంచెం ఎడమకి... హోల్డాన్!" మామగారు ఒక చేత్తో క్యారేజీ సంచి పట్టుకుని, రెండో చేత్తో అంబులెన్సుని వెనక్కి రానిస్తున్నారు. మొహం వెలిగిపోతోంది.

ఫోమయ్య పరుగున వెళ్ళాడు. "మామయ్యగారూ! నా షీటేదీ?"

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "సగం నా దగ్గరే ఉందయ్యా. కానీ ఇప్పుడివ్వలేను."

"అది ప్రదర్శనకండీ!"

"ప్రదర్శన జరుగుతూనే ఉంది. ప్రదర్శించలేను, అంతే."

ఫోమయ్యకి అర్థం కాలేదు. వెనకే వచ్చిన నర్సుకి వెంటనే అయింది. ఆవిడ గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "ఎప్పట్నుంచి పెద్దాయనా ఇది?"

మామగారు తల దించుకున్నారు. "కొన్ని నెలలైందమ్మా. తుమ్మినా, గట్టిగా నవ్వినా ఆగదు. బస్సులో సీటు తడిపి దిగితే నా పరువేముంటుంది? ఇతనేమో రోజూ చెప్పేవాడు, గ్లాసుడు పోసినా చుక్క కారదని. ఖాళీ డబ్బా చూస్తే కంగారుపడతాడని, ఆ కొలతకే ఇంకోటి కత్తిరించి పెట్టాను."

"అయితే మీరు నా మీద అలగలేదా?" అన్నాడు ఫోమయ్య.

"నీ మీద దేనికయ్యా? నీ సోఫా మీద కూర్చోడానికి భయపడ్డాను."

ఫోమయ్య ఆయన చేతిలోని సంచి అందుకున్నాడు. క్యారేజీ పక్కన షీటులో మిగిలిన సగం! పరువు దక్కిందనుకుని బయటికి లాగబోయాడు. నర్సు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉంచండి. ఆయన తిరిగి వెళ్ళాలిగా."

పక్క గదిలోకి మామగారిని తీసుకెళ్ళి తలుపు వేసుకుంది. వాళ్ళు బయటికొచ్చేదాకా ఫోమయ్య ప్రాణం గొళ్ళెం మీదే వేలాడింది. ఆవిడ వచ్చి ఓనరు వైపు తిరిగింది.

"పరీక్ష చూశాను. చుక్క కారలేదు, చర్మం ఒరుసుకోలేదు."

"ఎప్పుడు చూశారండీ?" అన్నాడు ఓనరు, ప్యాంటు పిండుకుంటూ.

"మీరు చూడక్కర్లేనప్పుడు. గాయాల కట్ల సంగతి తర్వాత మాట్లాడదాం. మా దగ్గర ఎంతోమంది పెద్దవాళ్ళు ఎవరికీ చెప్పుకోలేక మంచానికి అతుక్కుపోతున్నారు. ముందు వాళ్ళు తొడుక్కునేలా చెయ్యండి. ఈయన్ని మాత్రం పరుపుల్లోకి పంపకండి."

పరుపుల మాట ఆవిడ దాకా ఎలా వెళ్ళిందో తెలియక ఓనరు బిక్కమొహం వేశాడు. మామగారు పైకప్పు వైపు చూశారు.

అంబులెన్సు వాళ్ళు ఖాళీగా వెళ్ళేది లేదని పట్టుబడితే, ఓనర్ని ఎక్కించి ఇంటి దగ్గర దింపారు. నర్సు కుచ్చెళ్ళు పిండుకుంటూ నడిచింది. ఫోమయ్య మోకాళ్ళ దాకా ఎరుపే. వాచ్‌మన్ నేల తుడవబోయి మడుగులో కూర్చున్నాడు.

ఆ పూట ఫ్యాక్టరీ గేటు దాటినవాళ్ళలో పొడి బట్టలతో ఉన్నది మామగారొక్కరే.