కొలత గుంత

“ఈ రోజు నుంచి మన ఊళ్ళో తిండి, కరెంటు, నీళ్ళు మూడూ ఒకే ప్రణాళిక కింద కాపురం చేస్తాయి,” అని మైకులో ప్రకటించాడు ఈశ్వరప్ప. ఆ మూడింటికీ ఇంతవరకు విడాకులెవరు ఇప్పించారో మాత్రం చెప్పలేదు. మేం చప్పట్లు కొట్టాం.

రామసముద్రం దగ్గర మా ఊరి సమగ్ర ప్రణాళికా సంఘానికి ఈశ్వరప్ప అధ్యక్షుడు. నేను సభ్యుణ్ణి. నా అర్హతలు అడగకండి. నూరుల్లా షామియానా సప్లయర్స్ నాదే, సభలో కుర్చీలూ నావే. కుర్చీలిచ్చినవాణ్ణి నిలబెట్టడం బాగుండదని సంఘంలో కూర్చోబెట్టారు.

మొదటి తీర్మానం: భూగర్భ జలాలను కాపాడటానికి ఊళ్ళో ఇక కొత్త బోరు వేయరాదు.

అది చదవడం పూర్తికాకముందే బుజ్జమ్మ లేచింది. ఆమె పాత బోరు ఎండిపోయింది. టమోటా తోట కాయ పట్టే దశలో ఉంది. కొత్త బోరు వేయడానికి ఆమె పిలిపించిన బండి అప్పటికే పుంగనూరు దాటి వస్తోంది.

“ఈ ఒక్క బోరు వేసుకోనీప్పా. నీళ్ళు లేకుంటే తోటంతా ఎండిపోతాది,” అంది.

“నీ ఒక్క తోట కోసం భావితరాల గొంతు ఎండబెట్టమంటావా అమ్మా?” అన్నాడు ఈశ్వరప్ప.

భావితరాలు సభకు రాలేదు కాబట్టి వాటి తరఫున మేమే చేతులెత్తాం. బుజ్జమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని కూర్చుంది. నాకు బాధేసింది. అయినా ఎత్తిన చెయ్యి దించలేదు.

ఇంతలో బోరు బండి రానే వచ్చింది. వెనక్కి పంపించేద్దామన్నాను.

“డీజిలు దండగ గదప్పా నూరుల్లా. ఇంధన పొదుపు కూడా ప్రణాళికలో ఉండాది,” అన్నాడు ఈశ్వరప్ప, మైకుకు చెయ్యి అడ్డం పెట్టి. “మా మామిడితోటలో ఒక గుంత వేయిస్తాను.”

“మరి తీర్మానం?”

“అది బోరు కాదప్పా. నీళ్ళు ఎంత లోతులో ఉండాయో సూసే కొలత గుంత.”

సాయంత్రానికి కొలత గుంతలో నీళ్ళు పడ్డాయి. మర్నాడు దానికి మోటారు బిగించారు. సంఘ సభ్యుల్లో చాలామందికి హఠాత్తుగా శాస్త్రీయ దృష్టి కలిగి, తమ తోటల్లోనూ కొలతలు తీయించాలని అర్జీలు పెట్టుకున్నారు.

వారం తిరక్కుండానే ప్రణాళిక అమలు చూడటానికి మదనపల్లె నుంచి అధికారి జెమీమా మేడం వచ్చింది. అప్పటికి మామిడితోటలో పైపు నిండా నీళ్ళు దూకుతున్నాయి. మోటారు ఆపడానికి ఈశ్వరప్ప పరుగెత్తేలోపే ఆమె చూసేసింది.

“కొత్త బోరా?”

“కొలత గుంత మేడం. నీటిమట్టం కొలుస్తున్నాం. ఒక్క చుక్క కూడా సొంతానికి వాడం,” అన్నాడు ఈశ్వరప్ప.

గట్టు అవతలే ఉన్న తన తోటలో, వాడిపోతున్న టమోటా చెట్ల మధ్య నిలబడి బుజ్జమ్మ ఇదంతా వింటోంది.

“కొలిచిన నీళ్ళు మళ్ళా గుంతలోనే పోస్తారాప్పా?” అని అడిగింది.

“యాల పోస్తారమ్మా? బయట వదిలేసేదే,” అన్నాడు ఈశ్వరప్ప.

“అట్లయితే ఆ వదిలేసేది ఈ పక్కకు వదలండప్పా.”

జెమీమా మేడం నవ్వలేదు. “మంచి ఆలోచన. రోజూ కొలవండి,” అని పైపు కొనను తనే ఎత్తి గట్టు దాటించింది. అధ్యక్షుడు నా వైపు చూశాడు. నేను మేడం కోసం తెచ్చిన కుర్చీని శ్రద్ధగా తుడవసాగాను.

బుజ్జమ్మ తోట బతికింది. కాయలు కోతకు వచ్చేదాకా ఈశ్వరప్ప ఒక్క పూట మానకుండా కొలిచాడు. మేడం ఫోన్ చేసి కొలతలు అడిగేది మరి.

పోయిన నెల కుప్పంలో పెద్ద సభ జరిగింది. కుర్చీలు నావే. బుజ్జమ్మ టమోటాలు ఒక బాక్సు నిండా వేదిక మీద పెట్టి, ఈశ్వరప్ప మైకు అందుకున్నాడు.

“ఒక్క కొత్త బోరు కూడా వేయకుండా మా ఊరు పండించిన పంట ఇది.”

రైతు ప్రతినిధిగా ముందు వరుసలో కూర్చున్న బుజ్జమ్మ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే మోచేత్తో పొడిచింది.

“కొట్టప్పా నూరుల్లా. వచ్చే పంటకు కూడా ఆయప్పే కొలవాల గదా.”