ఏడో పళ్ళెంలో మిగిలిన ముక్క

ఆ శనివారం పొద్దున లోథార్, ఉర్సులా దంపతులు వేసుకున్న పథకం చాలా సులువైనది. పన్నెండింటికి తేలిగ్గా భోంచేయడం, తర్వాత కాసేపు చెట్టు నీడన నడుం వాల్చడం, మూడింటికి గోడ బొమ్మ చూడడం. జర్మనీలోని కాసెల్ నుంచి బయల్దేరి మూడు వారాలైంది. ఇటలీలో దిగి, వెరోనాలో చర్చిలు, మాంతువాలో రాజభవనాలు, బొలోన్యాలో పొడుగాటి వసారాలు తాపీగా చూసుకుంటూ కాస్తెల్‌వెర్నా అనే ఈ చిన్న ఊరికి చేరారు. అవన్నీ దారిలో తగిలినవే. అసలు ప్రయాణం ఈ బొమ్మ కోసమే.

ఉర్సులా ఇరవై ఆరేళ్ళు బడిలో చిత్రకళ చెప్పింది. ఆ బొమ్మ ఒక పెళ్ళి విందుది. అందులో ఒక అతిథి పళ్ళెంలో రొట్టెముక్క వదిలేసి, చేతులు కట్టుకుని కూర్చుంటాడు. ఆ ముక్క వినయానికి గుర్తని ఉర్సులా ఏకంగా ఒక చిన్న పుస్తకమే రాసింది, అదీ ఒక పాత ఫోటో చూసి. బొమ్మ ఉన్న చర్చిని వేసవిలో శనివారాలు మాత్రమే తెరుస్తారు. ఆరుగురిని పావుగంట సేపు లోపలికి పంపుతారు. ఆమె జనవరిలోనే పేర్లు రాయించింది.

"మూడు దాటిందంటే మళ్ళీ వచ్చే ఏడాదే," అంది కాఫీ తాగుతూ. "తిండి ముందు కూర్చుంటే నువ్వు లేవవు. ముందే చెప్తున్నా."

"రెండు గంటలు చాలవా ఏంటి? నేనేమన్నా ఏనుగునా?" అన్నాడు లోథార్.

ఏనుగు కాదు గానీ, ఆయనకో నియమం ఉంది. పళ్ళెంలో మెతుకు మిగల్చకూడదు. మిగిలిస్తే మర్నాడు వాన పడుతుందని వాళ్ళమ్మ చెప్పింది. వాళ్ళ ఊళ్ళో అమ్మలందరూ అదే చెబుతారు. ఆయన ఇంజనీరై నాలుగు వంతెనలు కట్టినా ఆ నమ్మకం మాత్రం సడలలేదు. పైగా మర్నాడు నది గట్టు వెంట సైకిళ్ళ మీద తిరగాలని ఆయన ముచ్చట.

చౌరస్తా పక్క సందులో, ద్రాక్ష పందిరి కింద తెల్లగుడ్డలు పరిచిన పొడుగాటి బల్లలు కనిపించాయి. నిండా జనం. "జనం ఉన్నచోటే వంట బాగుంటుంది," అని లోథార్ రెండు ఖాళీ కుర్చీలు చూసి కూలబడ్డాడు.

అది హోటలు కాదు. ఎర్సీలియా అనే ఎనభై ఏళ్ళ అవ్వగారి మనవరాలి పెళ్ళి భోజనం. పెళ్ళికొడుకుది బొల్జానో, ఆ వైపు జర్మన్ మాట్లాడతారు. జర్మన్‌లో గుసగుసలాడుకుంటున్న ఈ జంటను చూసి ఆడపెళ్ళివారు వీళ్ళు వియ్యాలవారనుకున్నారు. ఇంత ధీమాగా తింటున్నారంటే ఇంటివాళ్ళే అయ్యుంటారని మగపెళ్ళివారు అనుకున్నారు. ఎవరూ ఎవరినీ అడగలేదు.

ముందుగా తొర్తెల్లీ వచ్చాయి, గుమ్మడికాయ కూరి ఉడికించిన కజ్జికాయల్లాంటివి. లోథార్ చివరి ముక్క తిని, అంటుకున్న వెన్నను కూడా రొట్టెతో తుడిచి తిన్నాడు. వెనకే గరిటెతో ఎర్సీలియా ప్రత్యక్షమైంది. ఆవిడ దృష్టిలో అతిథి ముందు ఖాళీ పళ్ళెం ఉందంటే ఇంటి పరువు పోయినట్టే. మళ్ళీ నిండుగా వడ్డించింది. ఆయన మళ్ళీ ఖాళీ చేశాడు. ఆవిడ మళ్ళీ నింపింది.

"అడక్కుండానే వేస్తున్నారు. ఎంత మర్యాదైన హోటలో చూడు," అన్నాడు లోథార్.

"మర్యాద సరే, టైము చూడు," అంది ఉర్సులా.

నాలుగో పళ్ళేనికి ఆయన బెల్టు వదులు చేశాడు. అయిదోదానికి చుట్టూ చప్పట్లు మొదలయ్యాయి. "మగపెళ్ళివారంటే ఇలా ఉండాలి," అన్నారెవరో. ఉర్సులాకి ఇటాలియన్ వచ్చు గానీ, ఆ సందడిలో ఆ మాట చెవిన పడలేదు. రెండున్నరకి ఆమె ఇక ఆగలేక ఎర్సీలియాను బిల్లు అడిగింది.

గరిటె గాల్లోనే ఆగిపోయింది. "మనవరాలి పెళ్ళిలో మగపెళ్ళివారికి బిల్లా? నా చేతి వంట మీకు పూటకూళ్ళ కూడులా ఉందా వదినగారూ?"

బల్లల దగ్గర అందరూ ఇటే తిరిగారు. ఉర్సులా మొగుడి చెవి దగ్గరికి వంగింది. "లోథార్, ఇది హోటల్ కాదు. పెళ్ళి. మనం మగపెళ్ళివారం."

"ఎవరి పెళ్ళి?"

"నాకేం తెలుసు? ముందు పళ్ళెం చాచు."

ఆయన చాచాడు. అవ్వ చల్లబడింది. అలా ఆరోదీ, ఏడోదీ పడ్డాయి.

ఎదురుగా కూర్చున్న నల్లకోటు పెద్దాయన చాలాసేపటి నుంచి గడియారం చూస్తూ కుర్చీలో మెసులుతున్నాడు. ఆయన ఎర్సీలియా తమ్ముడు ఒరెస్తే. ఇక ఉండబట్టలేక ఉర్సులా వైపు వంగాడు.

"అమ్మా, మీ ఆయన ఎప్పుడు ముగిస్తారు? వియ్యాలవారు తింటుండగా లేస్తే మా అక్క నా ప్రాణం తీస్తుంది. మూడింటికి నేను వెళ్ళి చర్చి తలుపు తీయాలి. మూడుంపావు దాటితే ప్రార్థన మొదలవుతుంది."

"ఏ చర్చి?"

"విందు బొమ్మ ఉన్న చర్చి. తాళంచెవి నా దగ్గరే ఉంది."

ఉర్సులా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇరవై ఆరేళ్ళ ఆశకు తన మొగుడే అడ్డుపడి కూర్చున్నాడు. విషయం ఆయన చెవిలో చెప్పింది. లోథార్ పళ్ళెంలో ఇంక ఒక్క తొర్తెల్లీ ముక్క ఉంది. తింటే ఎనిమిదో పళ్ళెం వస్తుంది. వదిలేస్తే వాన వస్తుంది. ఆయన గరిటె వైపు చూశాడు, మబ్బులేని ఆకాశం వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. ఫోర్కు కింద పెట్టాడు.

"ఏం, బాగాలేదా నాయనా?" అంది ఎర్సీలియా.

"బాగుంది. చాలు," అన్నాడు, తనకొచ్చిన రెండే రెండు ఇటాలియన్ మాటల్లో.

ఆవిడ పక్క కుర్చీలో చతికిలబడింది. "ఈ ముక్క ముందే అనకూడదూ? మా వంట మూడు పళ్ళేల కిందటే అయిపోయింది. అప్పట్నుంచీ ఇరుగుపొరుగు ఇళ్ళ నుంచి తెప్పించి వేస్తున్నా."

ముగ్గురూ పరుగులాంటి నడకతో చర్చి చేరారు. బయట ఎండలో నిలబడ్డ నలుగురు మూడింటి నుంచీ తిట్టుకుంటున్నారు. లోపల బొమ్మ ఫోటోలో కంటే రెండింతలు వెడల్పుగా ఉంది. చేతులు కట్టుకున్న అతిథి ఉన్నాడు, రొట్టెముక్క ఉంది. ఫోటోలో కత్తిరించేసిన ఎడమ అంచున, గరిటె ఎత్తుకుని అతని మీదికే వస్తున్న ఒక ముసలమ్మ కూడా ఉంది.

ఉర్సులా ఆ అంచు దగ్గరికి నడిచి, గరిటెను వేలితో చూపించింది.

"వినయం కాదు ఉర్సీ," అన్నాడు లోథార్ మెల్లగా, పొట్ట పట్టుకుని. "ఆత్మరక్షణ."

ఆమె నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. తన పుస్తకం గంగలో కలిసినా ఆ క్షణాన ఆమెకు ఏ బాధా లేదు. మిగిలిన ఆరు నిమిషాలూ ఆయన చెయ్యి పట్టుకుని ఆ ముసలమ్మనే చూసింది.

మర్నాడు కాస్తెల్‌వెర్నాలో తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకా ఏకధారగా వాన కురిసింది.